మీటరు తిప్పేది వాళ్లు, చూసుకోవాల్సింది మనమా?

పాత కార్ల వ్యాపారంలో మోసం బయటపడిన ప్రతిసారీ ఒకటే జవాబు వినిపిస్తోంది: కొనేవాడు చూసుకోవాలి కదా! తిరిగిన కిలోమీటర్లు చూపే మీటరును వెనక్కి తిప్పినా, వరదలో మునిగిన కారును తుడిచి అంటగట్టినా, ప్రమాదంలో నుజ్జయిన బండిని మసిపూసి మారేడుకాయ చేసినా తప్పు మాత్రం కొన్నవాడిదేనట. ఈ మాట విని ఊరుకునే రోజులు పోవాలి.

చూసుకోవాలంటున్నారు, సరే. ఏమేం చూసుకోవాలి? 30 వేల కిలోమీటర్లే తిరిగిందంటున్న కారులో బ్రేక్ పెడల్ రబ్బరు అరిగి నున్నబడిందా, డ్రైవరు సీటు అంచు నలిగిపోయిందా అన్నది చూడాలి. టైరు పక్క అచ్చేసిన తయారీ కోడ్‌లో చివరి నాలుగంకెలు చదవాలి. అక్కడ 3521 అని ఉంటే ఆ టైరు 2021లో 35వ వారంలో తయారైందని అర్థం. మీటరు చూస్తే తక్కువ, టైర్లేమో కారు కంటే కొత్తవి అయితే ఎందుకు మార్చారని నిలదీయాలి. బానెట్ బోల్టుల మీద పెయింట్ లేచిందా? అన్ని అద్దాల మీదా తయారీ సంవత్సరం ఒకటేనా? కాగితాల్లోని 17 అక్షరాల గుర్తింపు నంబరు, కారు మీదున్న నంబరు కలుస్తున్నాయా? ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేయించాలి. మనం వెళ్లేసరికే వేడిగా ఉంటే అనుమానించాల్సిందే. అమ్మేవాళ్లతో సంబంధం లేని మెకానిక్ చూసేదాకా అడ్వాన్స్ ఇవ్వకూడదు. ఇవన్నీ చేయమనే మేమూ చెబుతాం.

కానీ ఇన్ని చేసినా దొరకని మోసాలున్నాయి. వరద కారునే తీసుకోండి. కార్పెట్ మార్చేస్తారు, వాసన రాకుండా సెంటు కొడతారు. సీటు బెల్టును చివరికంటా లాగితే లోపలి భాగంలో బురద చార కనిపించవచ్చు, సీటు కింది బోల్టులకు తుప్పు కనిపించవచ్చు. కాస్త తెలివైన వ్యాపారి వాటినీ మార్చేస్తాడు. వైరింగ్ కనెక్టర్లలోకి దిగిన బురద నీరు మాత్రం అక్కడే ఉంటుంది. లోహాన్ని మెల్లగా తినేస్తూ, కొన్న కొన్ని నెలలకు బయటపడుతుంది. అప్పుడు కారు ఆగిపోతే అదృష్టం, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోవాల్సిన క్షణంలో తెరుచుకోకపోతే ప్రాణమే పోతుంది. తాళం తిప్పగానే ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి, కాసేపటికి ఆరిపోవాలి. అసలు వెలగకుండా కనెక్షన్ పీకేసేవాళ్లూ ఉన్నారు. దీన్ని కూడా కొనేవాడే కనిపెట్టాలా?

డిజిటల్ మీటర్లు వస్తే తిప్పుడు ఆగిపోతుందనుకున్నాం. ఇప్పుడు కేబుల్ తగిలించి నిమిషాల్లో కావలసిన అంకె వేసేస్తున్నారు. అమెరికాలో 1972 నుంచీ ఇది చట్టరీత్యా నేరం. అయినా ఏటా 4.5 లక్షలకు పైగా కార్లు తప్పుడు రీడింగుతో చేతులు మారుతున్నాయని అక్కడి రహదారి భద్రతా సంస్థే అంచనా వేసింది. చట్టం ఉన్నచోటే ఇలా ఉంటే, కొనేవాడి కంటిచూపునే చట్టం అనుకునేచోట ఎలా ఉంటుంది?

దీనికి మందు లేదని చెప్పేవాళ్లు బెల్జియం వైపు చూడాలి. అక్కడ 2006 నుంచి, కారు గ్యారేజీకి వెళ్లినప్పుడల్లా మీటరు రీడింగును ఒకే కేంద్ర రికార్డులో నమోదు చేస్తున్నారు. అమ్మేవాడు ఆ పత్రాన్ని కొనేవాడి చేతిలో పెట్టి తీరాలి. పెద్ద టెక్నాలజీ ఏమీ అక్కర్లేదు. ఒక రిజిస్టరు, దాన్ని నింపాలన్న బాధ్యత చాలు.

పాత కారు గనకే ధర తగ్గిస్తున్నామని, దాని పూర్వ చరిత్ర తమకూ తెలియదని వ్యాపారులంటున్నారు. తెలియకపోతే తెలియదని రాసివ్వండి. నోటితో 'ఒక్కరే ఓనరు, గీత కూడా పడలేదు' అని చెప్పి, రసీదులో మాత్రం 'ఉన్నది ఉన్నట్టుగా అమ్మడమైనది' అని చిన్న అక్షరాల్లో వేయడం ఏం న్యాయం?

రెండు నాల్కల ధోరణి వ్యాపారులకే పరిమితం కాలేదు. అదే అమెరికాలో రీకాల్ (లోపమున్న కార్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడం) మరమ్మతు పూర్తికాని కొత్త కారును డీలరు అమ్మకూడదు. అదే లోపమున్న పాత కారును అమ్మడానికి మాత్రం దేశవ్యాప్త చట్టంలో అడ్డు లేదు. జపాన్ కంపెనీ తకాటా తయారుచేసిన ఎయిర్‌బ్యాగులు పేలి లోహపు ముక్కలు మనుషుల్ని పొట్టనపెట్టుకున్నాక కూడా ఆ సందు మూయలేదు. కొత్త కారు కొనేవాడి ప్రాణానికున్న విలువ పాత కారు కొనేవాడి ప్రాణానికి లేదా? రీకాల్ మరమ్మతు సాధారణంగా ఉచితం, ఓనరు మారినంత మాత్రాన ఆ హక్కు పోదు. కారు గుర్తింపు నంబరు కొట్టి రీకాల్ ఉందేమో చూసి, బాగుచేయించి అమ్మడానికి డీలరుకు అడ్డేమిటి?

'చూసుకోవాలి కదా' అనే మాట ఒకసారి చెల్లితే అబద్ధమాడినవాడికి లాభం, నిజం చెప్పినవాడికి నష్టం. ఉన్న లోపాలన్నీ చెప్పి అమ్మే మనిషికి మంచి ధర రాదు. దాంతో మంచి కార్లున్నవాళ్లు మార్కెట్‌కే రావడం మానేస్తారని ఆర్థికవేత్త జార్జ్ అకెర్లాఫ్ 1970లోనే చూపించారు. యాభై ఏళ్లు దాటినా మనం అక్కడే ఉన్నాం.

200 అంశాలు పరీక్షించామని ఇంతింత అక్షరాలతో బోర్డులు పెట్టుకునే షోరూములను ఒక్కటే అడుగుతున్నాం. ఆ పరీక్షల నివేదికను కొనేవాడికి ఇవ్వండి. మీటరు తిప్పలేదని, నీళ్లలో మునగలేదని, ఎయిర్‌బ్యాగులు పనిచేస్తున్నాయని దాని కింద సంతకం పెట్టండి. పెట్టలేకపోతే ఆ బోర్డు దించేయండి.