సవరణ: సింగపూర్ హెచ్‌డీబీ ఇళ్లకు విదేశీయుల అర్హత

పర్మనెంట్ రెసిడెన్సీ (శాశ్వత నివాస హోదా) వచ్చి 3 ఏళ్లు నిండితే సింగపూర్‌లో ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ అయిన హెచ్‌డీబీ నిర్మించే కొత్త ఫ్లాటుకు దరఖాస్తు చేసుకోవచ్చని ఇదివరకు రాశాను. అది తప్పు. నా మాట నమ్మి ఎవరైనా ఇంటి లెక్కలు వేసుకొని ఉంటే వారికి క్షమాపణలు చెప్పుకుంటున్నాను.

హెచ్‌డీబీ నుంచి నేరుగా కొత్త ఫ్లాటు కొనాలంటే దరఖాస్తుదారుల్లో కనీసం ఒకరు సింగపూర్ పౌరులై ఉండాలి. భార్యాభర్తలిద్దరూ పర్మనెంట్ రెసిడెంట్లే అయితే, ఇద్దరికీ ఆ హోదా వచ్చి 3 ఏళ్లు పూర్తయ్యాక, ఇతరులు తిరిగి అమ్మే రీసేల్ ఫ్లాటును మాత్రమే కొనగలరు. ఒంటరిగా ఉన్న పర్మనెంట్ రెసిడెంటుకు ఆ వీలు కూడా లేదు.

మన వాళ్లు తరచుగా మరిచిపోయే షరతు మరొకటి ఉంది. పర్మనెంట్ రెసిడెంట్లు హెచ్‌డీబీ ఫ్లాటు కొనాలంటే తమ పేరున ఉన్న ప్రైవేటు నివాస ఆస్తిని వదులుకోవాలి, అది విదేశంలో ఉన్నా సరే. అంటే హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కొనిపెట్టుకున్న అపార్ట్‌మెంట్ కూడా ఈ నిబంధన కిందికే వస్తుంది కాబట్టి, ఊళ్లో పెద్దలతో మాట్లాడకుండా సంతకం పెట్టవద్దని నా మనవి.

ఎంప్లాయ్‌మెంట్ పాస్ (ఉద్యోగ అనుమతి) మీద ఉన్నవారు హెచ్‌డీబీ ఫ్లాటు కొనలేరు, అద్దెకు ఉండవచ్చు. ఆ భాగంలో మార్పు లేదు.