యాషా, మేపులా? తేలేదాకా నాట్లు ఆపండి

గోదావరి డెల్టాకు సమస్యలు కరువా? కాలువల నిండా గుర్రపుడెక్క. చెరువులో రొయ్యకి వైట్ స్పాట్. కొబ్బరికాయ ధర ఎప్పుడు లేస్తుందో, ఎప్పుడు పడుతుందో ఆ చెట్టెక్కి దింపు తీసేవాడికీ తెలియదు. ఇవన్నీ ముఖ్యమే, కాదనను. కానీ కొన్ని మన తాతల నాటివి, కొన్ని మన నాన్నల నాటివి. ఇంకో పదేళ్లు ఆగమన్నా ఏమీ అనుకోవు. ఆగలేనిది ఒక్కటే ఉంది. స్నూకర్ కర్రకి యాష్ చెక్క మంచిదా, మేపుల్ చెక్క మంచిదా?

నమ్మకపోతే సాయంత్రం ఏడు దాటాక భీమవరంలోనో అమలాపురంలోనో ఏదైనా స్నూకర్ పార్లర్ మెట్లెక్కి చూడండి. కింద మందుల షాపు, పైన ఆకుపచ్చ గుడ్డ పరిచిన పన్నెండడుగుల బల్ల. ఆడేది ఇద్దరు, చుట్టూ నిలబడ్డది నలుగురు. ఆ నలుగురూ కర్ర గురించి వాదించుకుంటూ ఉంటారు. ఆడే ఇద్దరిలో వంతు లేనివాడు వాళ్లతో కలుస్తాడు. అంటే ఏ క్షణంలో చూసినా వాదించేవాళ్లు ఐదుగురు, ఆడేవాడు ఒక్కడు. ఇది ఏ ఆటో మీరే చెప్పండి.

ఈ విషయంలో తీర్పు చెప్పే హక్కు మనకి లేదని ఎవరైనా అంటే చరిత్ర తెలియక అంటున్నట్టే. స్నూకర్ పుట్టింది ఇంగ్లండులో కాదు, 1875లో మన జబల్‌పూర్‌లో. నెవిల్ చాంబర్లేన్ అనే సైనికాధికారి పుట్టించాడు (తర్వాత ప్రధానమంత్రి అయిన చాంబర్లేన్ వేరే ఆయన). నిబంధనలు రాసి గోడకి తగిలించింది ఊటీ క్లబ్బులో. ఊటీ అప్పట్లో ఎక్కడుంది? మద్రాసు ప్రెసిడెన్సీలో. మన గోదావరి జిల్లా ఎక్కడుంది? అక్కడే. ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయిపోయింది కాబట్టి ఆ రోజుల్లో మనవాళ్లకి చేతినిండా నీళ్లూ తీరికా రెండూ ఉన్నాయి. ఊటీకి ఎవరో ఒకరు వెళ్లి సలహా ఇచ్చే ఉంటారు. మనవాళ్లు సలహా ఇవ్వకుండా ఉండగలరా?

సరే, కర్ర దగ్గరికి వద్దాం. యాష్ చెక్క మీద చారలు కొట్టొచ్చినట్టు కనబడతాయి. కర్ర కొస దగ్గర అవి బాణం ములుకుల్లా ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. ఆ ములుకులు పైకి ఉండేలా పట్టుకుంటే ప్రతిసారీ కర్ర ఒకేలా చేతిలో కూర్చుంటుందని ఆటగాళ్ల లెక్క. స్నూకర్ దిగ్గజం రానీ ఓ సలివాన్ చేతిలో ఉండేది యాషే. మేపుల్ అలా కాదు. నున్నగా, తెల్లగా ఉంటుంది, గీత కోసం వెతుక్కోవాలి. గురి చూసేటప్పుడు కళ్లకి చారలు అడ్డొస్తున్నాయనుకునేవాళ్లు దీనివైపు వస్తారు. అమెరికాలో పూల్ (స్నూకర్ లాంటి ఇంకో బల్ల ఆట) కర్రలకి ఎప్పటి నుంచో మేపులే వాడతారు కాబట్టి మన దగ్గర మేపుల్ పార్టీలో డాలస్ నుంచి సెలవులకి వచ్చిన కుర్రాళ్లు ఎక్కువ. మేపుల్‌లో గట్టి రకం చెట్టు నుంచే అక్కడివాళ్లు పాకం కూడా తీస్తారు. మాను మీద గాటు పెట్టి, కారిన రసాన్ని గంటల కొద్దీ కాస్తారట. మన తాటిచెట్టుకీ గాటు పెడతారు గానీ అది పాకం దాకా ఆగదు.

కర్ర కొనేవాడిని దగ్గరగా చూడాలి. సంక్రాంతికి పుంజు కొనేవాడు కాకా, డేగా, నెమలా అని కుక్కుట శాస్త్రం తిరగేసి, కాళ్లు చూసి, కన్ను చూసి, చివరికి ధర చూసి నిట్టూరుస్తాడు కదా, అదే వరస. పిడిని దవడకి ఆనించి, ఒక కన్ను మూసి, కొసదాకా చూపు పంపిస్తాడు. మెల్లగా తిప్పుతాడు, మళ్లీ చూస్తాడు. పక్కవాడికిస్తాడు, అతనూ ఒక కన్ను మూస్తాడు. తర్వాత బల్ల మీద దొర్లిస్తాడు. అది ఎగిరెగిరి దొర్లితే వంకర ఉన్నట్టు. అసలు ఆ బల్ల సమంగా ఉందా అని మాత్రం ఎవరూ అడగరు. దాని ఒక కాలు కింద పార్లర్ పెట్టిన రోజున మడిచి పెట్టిన అట్టముక్క ఉంటుంది. పలకరాళ్లు పరిచిన బల్ల బరువు టన్ను పైమాటే, అట్టముక్క ఎప్పుడో అప్పడమైపోయింది. నెమ్మదిగా కొట్టిన ఏ బంతైనా చివర్లో ఆ మూల పాకెట్ వైపు ఒకసారి తొంగి చూసి వస్తుంది. దీని మీద గొడవ లేదెందుకంటారా? బల్ల వాలు ఇద్దరికీ సమానమే. ఓడినవాడు దాన్ని తిట్టుకుని లాభం లేదు.

పిడి మీదా గొడవ లేదు. అది ఎబొనీ అనే నల్ల చెక్క. మన బీడీ ఆకుల తునికి చెట్టు దానికి దగ్గర చుట్టం. చుట్టాలతో మనకెందుకు?

ఇక శాస్త్రం. చెక్క ఎంత గట్టిదో కొలవడానికి జాంకా పరీక్ష అని ఒకటుంది. 11.28 మిల్లీమీటర్ల ఉక్కు గుండుని చెక్కలోకి సగం దాకా దించడానికి ఎంత బలం కావాలో చూస్తారు. వైట్ యాష్‌కి 1320 పౌండ్లు, గట్టి మేపుల్‌కి 1450. ఈ అంకెలు చెప్పి పాలకొల్లు బావగారొకాయన పార్లరంతా నిశ్శబ్దం చేసేశారు. ఇంటర్లో ఫిజిక్స్ రెండుసార్లు తప్పిన మనిషి ఆయన. అప్పుడు మూలన బంతులు తుడుస్తున్న మార్కర్ (పార్లర్లో స్కోరు చూసే మనిషి) తలెత్తి, "ఆయ్, గట్టిదేనండి. కానండీ, బంతికి తగిలేది తోలు కదండీ" అన్నాడు. నిజమే. కర్ర కొసన ఉండేది పది మిల్లీమీటర్ల తోలు ముక్క, దాని కింద ఇత్తడి కట్టు. ఏ చెట్టైనా జీవితంలో బంతిని తాకదు. చెయ్యి మాత్రం తేడా పసిగడుతుంది, కానీ ఆ తేడా యాష్‌కీ మేపుల్‌కీ మధ్య కన్నా ఒక యాష్‌కీ ఇంకో యాష్‌కీ మధ్యే ఎక్కువ ఉండొచ్చు. మార్కర్‌ని వెంటనే టీలకి పంపించేశారు.

మన గాలిలో తేమ సంగతి కూడా ఉంది. చెక్క తేమ పీలుస్తుంది, గోడకి వాల్చి వదిలేస్తే వంగుతుంది. యాష్‌కి రంధ్రాలు ఎక్కువ కాబట్టి అప్పుడప్పుడూ అవిసె నూనె పట్టించాలంటారు. అవిసె నూనె గాలికి ఆరి గట్టిపడుతుంది. అంబాజీపేట కుర్రాడొకడు 'ఇంట్లో పండింది ఉండగా బయటది కొనడమేంటి' అని కొబ్బరినూనె పట్టించాడు. కొబ్బరినూనె ఆరదు. కర్ర కొసకి రాసే నీలం చాక్ అంతా కర్రకి అంటుకుంది, చేతికి జిడ్డు, పార్లరంతా తలంటు వాసన. ఇదే కుర్రాడు, 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడ్డ ఒక ఆకుపచ్చ పురుగు అమెరికాలో కోట్ల యాష్ చెట్లని చంపేసిందని తెలిసి అన్నం మానేశాడు. ఇంటి వెనక తోటలో కొమ్ము పురుగు మొవ్వులు తొలిచేస్తోందని వాళ్ల నాన్న రోజూ మొత్తుకుంటున్నాడు.

అన్ని పక్షాలూ విన్నాక నా తీర్పు ఇది. డెల్టాకి యాషే సరైనది. గురి కోసం కాదు, బరువు కోసం అసలే కాదు. నల్ల బంతి తప్పితే యాష్ కర్ర ఉన్నవాడు కర్ర తిప్పి చూసి, "గీత పక్కకి జరిగింది రా" అనగలడు. "వానకి నార ఉబ్బింది" అనగలడు. ఒక్కో చార ఒక్కో సాకు. మేపుల్ పట్టుకున్నవాడికి ఏముంది? తప్పిందంటే తన చెయ్యే. అంత ఒంటరితనం గోదావరి మనిషి భరించలేడు.

కాబట్టి జూన్‌లో కాలువలకి నీళ్లు వదిలే లోపు ఒక కమిటీ వేయాలని కోరుతున్నాను. తూర్పు నుంచి ముగ్గురు, పశ్చిమ నుంచి ముగ్గురు, డాలస్ నుంచి ఒకరు. మార్కర్‌ని వేయకూడదు. అలాగే ఓడినవాడే టేబుల్ డబ్బులు కట్టాలన్న పాత పద్ధతి రద్దు చేయాలి. తప్పు కర్రదని తేలిపోయింది గనక ఇకమీదట ఆ బిల్లు కర్ర అమ్మినవాడికి పంపాలి.