రాత్రి రెండింటికి లేబర్ రూమ్‌లో ఎవరుంటారో అడిగారా?

తొలిచూలు అని తెలియగానే ప్రతి ఇంట్లో మొదలయ్యే చర్చ ఒకటే: ఏ డాక్టరమ్మకి చూపిద్దాం? పిన్నిగారి కోడలికి ఎవరు చేశారు, ఎవరి హస్తవాసి మంచిది, ఎవరి బోర్డు మీద ఎన్ని డిగ్రీలున్నాయి. ఇవన్నీ పగటిపూట ఓపీకి సంబంధించిన ప్రశ్నలు. నొప్పులు మాత్రం అర్ధరాత్రి వస్తాయి, ఆదివారం వస్తాయి, సంక్రాంతి పండగనాడూ వస్తాయి. ఆ టైంలో ఆ బిల్డింగులో ఎవరున్నారన్నదాన్ని బట్టే మీ కాన్పు ఎలా జరగబోతుందో చాలావరకు తేలిపోతుంది. అందుకే డాక్టర్ పేరు కన్నా ముందు నైట్ డ్యూటీ గురించి అడగమంటాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తెలంగాణలో జరిగిన కాన్పుల్లో 60.7 శాతం సిజేరియన్లు. ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం. దేశం మొత్తమ్మీద 21.5. ఒక్క ప్రైవేటు ఆసుపత్రులే తీసుకుంటే తెలంగాణలో 81.5, ఆంధ్రలో 63. మన ఆడపిల్లలకే కాన్పు చేతకాదా? కాదు. డబ్బు ఒక కారణం, ముహూర్తాలు ఒక కారణం, నొప్పులంటే భయం ఇంకో కారణం. వీటన్నిటి గురించీ అందరూ మాట్లాడతారు. నొప్పులు పడే మనిషి పక్కన కూర్చునేవాళ్లు లేకపోవడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు.

తొలికాన్పుకి టైం పడుతుంది. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు నొప్పులు మొదలైనట్టని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది. అక్కణ్నించి పూర్తిగా తెరుచుకోవడానికి తొలిచూలులో 12 గంటల దాకా పట్టొచ్చు. ఆ తర్వాత ముక్కడానికి 3 గంటల దాకా. అంతకు ముందు సన్నగా వచ్చిపోయే నొప్పులకైతే ఇన్ని గంటలని లెక్కే లేదు. అసలు నొప్పులు మొదలయ్యాక 15 నుంచి 30 నిమిషాలకోసారి బిడ్డ గుండె చప్పుడు వినాలి, ముక్కేటప్పుడు 5 నిమిషాలకోసారి వినాలి. పగలంతా ఓపీ చూసి, మధ్యలో ఆపరేషన్లు చేసి, మర్నాడు పొద్దున మళ్లీ ఓపీలో కూర్చోవాల్సిన డాక్టరమ్మ ఒక్కతే ఇదంతా చేయగలదా? ఆమె చెడ్డదని కాదు, మనిషన్నాక నిద్రపోవాలి కదా. తనకి సాయంగా ఇంకో గైనకాలజిస్టు, చేయి తిరిగిన నర్సులు లేకపోతే సాయంత్రం ఆరింటికే "ఎందుకొచ్చిన రిస్కు, ఆపరేషన్ చేసేద్దాం" అనే మాట వస్తుంది.

కాబట్టి మూడో నెలలోనే సూటిగా అడగండి: మేడమ్, మీరు ఊళ్లో లేకపోతే ఎవరు చూస్తారు? రాత్రి డ్యూటీ డాక్టర్ గైనిక్ చదివినవాళ్లా, మామూలు డ్యూటీ డాక్టరా? మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు ఆసుపత్రిలోనే ఉంటారా, ఫోన్ చేస్తే వస్తారా? వస్తే ఎన్ని నిమిషాల్లో? నొప్పి తెలియకుండా ఎపిడ్యూరల్ ఇస్తామని చెప్పే చోట మత్తు డాక్టర్ పగలే ఉంటే, రాత్రి వచ్చినవాళ్లకి అది లేనట్టే. పెద్ద పేరున్న కొందరు సీనియర్లు సంతాన సాఫల్య చికిత్సలు, లాప్రోస్కోపీల్లో తీరిక లేకుండా ఉంటారు. కాన్పులు జూనియర్లే చూస్తారు. అది తప్పేం కాదు, కానీ ఆ జూనియర్లు ఎవరో మీకు ముందే తెలియాలి.

రెండో ప్రశ్న సిజేరియన్ల లెక్క గురించి, ఇక్కడ చాలామంది తప్పుగా అడుగుతారు. మొత్తం మీద ఎంత శాతమని అడిగితే సరైన జవాబు రాదు. కవలలు, బీపీ కేసులు, ఇంతకుముందు ఆపరేషన్ అయినవాళ్లు ఎక్కువగా వచ్చే పెద్దాసుపత్రిలో ఆ అంకె ఎక్కువే ఉంటుంది. ఇలా అడగండి: తొలికాన్పు, ఒక్క బిడ్డ, తల కిందికే ఉంది, 37 వారాలు నిండాయి, నొప్పులు వాటంతటవే వచ్చాయి. ఇలాంటివాళ్లలో ఎంతమందికి ఆపరేషన్ అవుతోంది? డాక్టర్లు దీన్ని రాబ్సన్ ఒకటో గ్రూపు అంటారు. లెక్కలు రాసుకునే ఆసుపత్రి వెంటనే చెబుతుంది. "అలా ఎవరూ అడగరమ్మా" అన్నారంటే లెక్క రాయడం లేదనుకోవచ్చు.

ఆపరేషన్ మనకి శత్రువు కాదు. మాయ అడ్డంగా ఉన్నా, బిడ్డ అడ్డం తిరిగినా, గుండె చప్పుడు పడిపోతున్నా అదే ప్రాణాలు కాపాడుతుంది. నా కోపమంతా తొమ్మిదో నెల స్కానింగ్ కాగితం చూపించి భయపెట్టడం మీద. మెడకు పేగు చుట్టుకుందంటారు. అది చాలామంది పిల్లల్లో ఉంటుంది, ఒక్క ఆ కారణంతో కోయక్కర్లేదు. ఉమ్మనీరు తగ్గిందంటారు. ఏఎఫ్ఐ, అంటే స్కానింగ్‌లో సెంటీమీటర్లలో చెప్పే ఉమ్మనీటి కొలత, ఎంతో అడగండి. 5 కంటే తక్కువైతే పట్టించుకోవాల్సిందే, 8 ఉంటే కంగారు లేదు. బిడ్డ బరువు ఎక్కువంటారు. నెలలు నిండాక స్కానింగ్‌లో చెప్పే బరువు 10, 15 శాతం అటూఇటూ అవ్వడం మామూలే. 3.6 కిలోలని రాసిన బిడ్డ 3.2 కిలోలతో పుట్టొచ్చు.

ముహూర్తం పెట్టుకొచ్చే కుటుంబాలకి కూడా ఒక మాట. ఏ కారణమూ లేకుండా 39 వారాల లోపు ఆపరేషన్ చేస్తే బిడ్డకి ఊపిరి ఇబ్బంది వచ్చే అవకాశం పెరుగుతుంది. మంచి ఘడియలో పుట్టిన బిడ్డ ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో, ఉండాల్సి రావచ్చు. 37వ వారంలో ముహూర్తానికి సరేనన్న డాక్టర్ని నేనైతే నమ్మను.

మన దగ్గర ఇంకో చిక్కుంది. తొలికాన్పు పుట్టింట్లో. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఏడు నెలలు ఒకరికి చూపించుకుని, సీమంతం కాగానే అమ్మాయి ఏ నరసరావుపేటకో జగిత్యాలకో వెళ్లిపోతుంది. అక్కడి డాక్టరుకి ఆమె కొత్త. తెలియని కేసు అంటే డాక్టరుకీ భయమే, ఆ భయం ఆపరేషన్ వైపే లాగుతుంది. వెళ్లడం ఖాయమైతే ఆ ఊరి డాక్టర్ని ఐదో నెలలో బిడ్డ అవయవాలన్నీ చూసే టిఫా స్కాన్ అయ్యాక ఒకసారి కలవండి, 32వ వారం నుంచి చెకప్‌లు అక్కడే చేయించుకోండి. మొదటి స్కాన్ రిపోర్టు తప్పకుండా ఫైల్లో ఉండాలి. డెలివరీ డేటు లెక్కకి దాన్ని మించింది లేదు. తొమ్మిదో నెల స్కాన్‌ని బట్టి డేటు మార్చేస్తే ఒప్పుకోకండి. నెగటివ్ బ్లడ్ గ్రూపు వాళ్లయితే 28వ వారంలో యాంటీ-డి ఇంజెక్షన్ ఇచ్చారో లేదో తేదీతో సహా రాయించండి.

లేబర్ రూమ్ చూపించమని అడగండి. వద్దంటే కారణం అడగండి. లోపల ఒక మూల బిడ్డని వెచ్చగా ఉంచే వార్మర్ ఉంటుంది. దాని మీద అప్పుడే పుట్టిన బిడ్డ ముఖానికి సరిపోయే చిన్న మాస్కు, చేత్తో నొక్కే ఊపిరి సంచి సిద్ధంగా ఉండాలి, బీరువాలో తాళం వేసి కాదు. ఏడవని బిడ్డకి మొదటి నిమిషంలోనే అది కావాలి. బ్లడ్ ఎక్కణ్నించి వస్తుందో కూడా అప్పుడే కనుక్కోండి. కాన్పయ్యాక రక్తం ఆగకపోతే అవతలి ఊరి బ్లడ్ బ్యాంకుకి మనిషిని పంపే టైం ఉండదు. బీపీ, షుగరు, కవలలు ఉన్నవాళ్లు బ్లడ్ బ్యాంకు, ఐసీయూ, ఎన్ఐసీయూ ఒకేచోట ఉన్న ఆసుపత్రి తప్ప వేరేది చూడొద్దు, ఎంత దూరమైనా సరే.

డబ్బు సంగతి: నార్మల్, సిజేరియన్ రెండు ప్యాకేజీలూ కాగితం మీద రాయించుకోండి, ఎన్ఐసీయూ రోజు ఛార్జీతో సహా. సొంతంగా తీసుకున్న ఇన్సూరెన్సులో కాన్పు ఖర్చుకి చాలావాటికి ఏళ్ల తరబడి వెయిటింగ్ ఉంటుంది, ముందే చూసుకోండి.

సర్కారు దవాఖానా అనగానే మొహం ముడుచుకోకండి. హైదరాబాద్‌లోని పేట్లబురుజు, కోఠి లాంటి ప్రసూతి ఆసుపత్రుల్లో రాత్రీపగలూ డాక్టర్లుంటారు. తెలంగాణ ప్రభుత్వం 18 నెలల శిక్షణ ఇచ్చి తయారుచేసిన మిడ్‌వైఫ్‌లు కొన్ని ఆసుపత్రుల్లో ఉన్నారు. నేను పైన చెప్పిన పక్కన కూర్చునే పని వాళ్లకి బాగా తెలుసు. రద్దీ ఉంటుంది, కసురుకునేవాళ్లూ ఉంటారు, అది నిజమే. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకి ఉచితంగా డాక్టర్ చెకప్ ఉంటుంది. ఒకసారి వెళ్లి చూసి రండి.

ఎక్కడికి వెళ్లినా "ఎందుకు మేడమ్?" అని ఒక్కసారి అడిగి చూడండి. "డాక్టర్ నువ్వా, నేనా?" అన్నారంటే ఫైలు తీసుకుని వచ్చేయండి. 32వ వారం దాకా డాక్టర్ని మార్చుకోవడం పెద్ద కష్టమేం కాదు. చివరగా, ఏదో ఒక రాత్రి పదకొండింటికి ఆ ఆసుపత్రి ఎమర్జెన్సీ నంబరుకి ఫోన్ చేసి, "ఎనిమిదో నెల, బిడ్డ కదలిక తగ్గినట్టుంటే ఎప్పుడు రావాలి?" అని అడగండి. ఫోన్ ఎత్తి "వెంటనే రండి" అనేవాళ్లు ఉన్నారో లేదో ముందే తెలుస్తుంది.