క్లెమెంటేకి దండలేసి ఆయన కోపాన్ని పక్కన పెట్టేశారు

అమెరికా బేస్‌బాల్‌లో అతి పెద్ద లీగ్ అయిన మేజర్ లీగ్‌లో ప్రతి సెప్టెంబర్‌లో రాబర్టో క్లెమెంటే డే చేస్తారు, సేవ చేసిన ప్లేయర్‌కి ఆయన పేరు మీద అవార్డు ఇస్తారు. పిట్స్‌బర్గ్‌లో ఒక బ్రిడ్జికి ఆయన పేరే. దాని పక్కనున్న పీఎన్‌సీ పార్క్ స్టేడియంలో రైట్ ఫీల్డ్ (బ్యాటర్‌కి కుడివైపు దూరంగా ఉండే భాగం) గోడ ఎత్తు 21 అడుగులు, ఎందుకంటే ఆయన రైట్ ఫీల్డర్, జెర్సీ నంబర్ 21. బాగుంది, దక్కాల్సిన గౌరవమే. కానీ ఇన్నేళ్లుగా ఆయన గురించి చెప్పే కథ మాత్రం నాకు మింగుడు పడట్లేదు. మంచోడు, దానగుణం ఉన్నోడు, సాయం చేయబోయి విమాన ప్రమాదంలో పోయాడు, అంతే. ఆయనకి జీవితమంతా ఉన్న కోపం ఏమైపోయింది మరి?

క్లెమెంటే 1934లో, అమెరికా పాలనలో ఉన్న కరీబియన్ దీవి ప్యూర్టో రికోలోని కరోలినాలో పుట్టాడు, నాన్న చెరకు తోటల్లో మేస్త్రీ. 1955లో పిట్స్‌బర్గ్ పైరేట్స్ టీమ్‌కి ఆడటం మొదలుపెట్టేనాటికి నల్లవాడు, పైగా స్పానిష్ మాట్లాడేవాడు, అంటే రెండు రకాలుగానూ బయటివాడే. ఫ్లోరిడాలో ప్రాక్టీస్ మ్యాచ్‌లకి టీమ్ బస్‌లో వెళ్తుంటే దారిలో హోటల్ దగ్గర ఆపేవాళ్లు, తెల్ల ప్లేయర్లు లోపలికెళ్లి తినేవాళ్లు, నల్ల ప్లేయర్లు బస్‌లోనే కూర్చుని ఎవరైనా తెచ్చిపెడితే తినాలి. ఇది నాకు అవమానం అని క్లెమెంటే మేనేజ్‌మెంట్‌తో గొడవపడ్డాడు. పేపర్లవాళ్లేమో ఆయన ఇంగ్లీష్ యాసని స్పెల్లింగ్ తప్పులతో సహా అచ్చేసి నవ్వుకునేవాళ్లు, బేస్‌బాల్ కార్డుల మీద ఏళ్ల తరబడి ‘బాబ్ క్లెమెంటే’ అని వేశారు, నా పేరు రాబర్టో అని ఆయన చెప్తూనే ఉన్నాడు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్‌ని చంపినప్పుడు, అంత్యక్రియలు అయ్యేదాకా సీజన్ మొదటి మ్యాచ్ ఆడం అని పైరేట్స్ ప్లేయర్లు పట్టుబట్టారు, ఆ పట్టు వెనక ముందున్న వాళ్లలో క్లెమెంటే ఒకడు.

ఇక 1971 వరల్డ్ సిరీస్, అంటే మేజర్ లీగ్ ఫైనల్. బాల్టిమోర్ మీద 7 మ్యాచ్‌లు, ప్రతి మ్యాచ్‌లోనూ హిట్ (బ్యాటర్ బంతి కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరడం) కొట్టాడు, సిరీస్ బెస్ట్ ప్లేయర్ ఆయనే, అప్పటికి వయసు 37. గెలిచాక డ్రెస్సింగ్ రూమ్‌లో, లైవ్ టీవీలో మైక్ ముందు పెడితే, ముందు స్పానిష్‌లో మాట్లాడతాను అని చెప్పి, ఇది నా జీవితంలో చాలా గొప్ప రోజు, నా పిల్లలకి నా దీవెనలు, అమ్మా నాన్నా మీరు నన్ను దీవించండి అన్నాడు. మనింట్లో ఏదైనా శుభం జరిగితే ముందు పెద్దాళ్ల కాళ్లకి దండం పెడతాం చూడండి, అచ్చం అలాంటిదే. తన యాసని ఎగతాళి చేసిన దేశంలో, ఆ దేశం మొత్తం చూస్తుండగా తన భాషలో మాట్లాడాడు. ఆయన ఎవరో తెలియాలంటే నా దృష్టిలో కెరీర్ మొత్తంలో కొట్టిన 3000 హిట్ల కంటే ఈ కొన్ని సెకన్లే ముఖ్యం.

1972 డిసెంబర్ 23న నికరాగ్వా రాజధాని మనాగ్వాలో భూకంపం వచ్చింది. కొన్ని వారాల ముందే ప్యూర్టో రికో అమెచ్యూర్ టీమ్‌కి మేనేజర్‌గా అక్కడికెళ్లి వచ్చాడు కాబట్టి ఆ ఊరూ మనుషులూ ఆయనకి తెలుసు. సామాన్లు పోగేసి విమానాల్లో పంపిస్తే అక్కడి నియంత సోమోసా ప్రభుత్వం మనుషులు వాటిని బాధితుల దాకా చేరనివ్వట్లేదని తెలిసింది. నేనే వెళ్తే ఎవడు ముట్టుకుంటాడో చూద్దాం అని 31 రాత్రి పాత డీసీ-7 విమానం ఎక్కాడు. అందులో మోయాల్సినదానికంటే ఎక్కువ బరువు ఎక్కించారు, టేకాఫ్ అయిన కాసేపటికే సముద్రంలో పడిపోయింది, 38 ఏళ్ల మనిషి శవం కూడా దొరకలేదు. జాలితో సాయం చేయాలంటే చెక్కు రాస్తే సరిపోయేది కదా, ఆయన్ని విమానం ఎక్కించింది దొంగతనం మీద కోపం. బస్‌లో కూర్చోబెట్టినప్పుడు వచ్చిన కోపమే ఇది కూడా.

రూల్ ప్రకారం ఆట ఆపాక 5 ఏళ్లు ఆగాల్సి ఉన్నా 1973లోనే, బేస్‌బాల్‌లో గొప్ప ఆటగాళ్లకి చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, లాటిన్ అమెరికా ఆటగాళ్లలో మొదటివాడు ఆయనే. ఇప్పుడు నడుస్తున్న వాదన ఏంటంటే, ఆధునిక మేజర్ లీగ్‌లో మొదటి నల్ల ప్లేయర్ జాకీ రాబిన్సన్ 42 నంబర్‌ని 1997లో అన్ని టీమ్‌లకీ కలిపి రిటైర్ చేసినట్టు, అంటే ఇంకెవరికీ ఇవ్వకుండా ఆపేసినట్టు, 21ని కూడా చేయాలా అని. చేయాలనేవాళ్ల బాధ నాకు అర్థమవుతుంది, కానీ నాకైతే 2020 సెప్టెంబర్‌లో జరిగిందే నచ్చింది, క్లెమెంటే డే నాడు పైరేట్స్ టీమ్ మొత్తం 21 వేసుకుంది, వేరే టీమ్‌ల్లోని ప్యూర్టో రికో ప్లేయర్లకీ వేసుకునే అవకాశం ఇచ్చారు. అలాగే వేసుకోనివ్వండి. దాంతోపాటు స్టేడియం స్క్రీన్ మీద ఆ బస్ సంగతి, ఆ పేపర్లు రాసిన రాతలు, కార్డు మీద మార్చిన పేరు కూడా చూపించండి, అవార్డు తీసుకునే కుర్రాళ్లు అవి చూశాకే మైక్ అందుకోవాలి.