వన్ బై గారూ, మీ కింద అంకె సంగతి కాస్త తేల్చండి

గౌరవనీయులైన వన్ బై గారికి,

రాయగడ నుంచి రాస్తున్నాను. ఒడిశా రాయగడ, మజ్జిగౌరమ్మ గుడి ఉన్న రాయగడ. పార్వతీపురం, విజయనగరం నుంచి మొక్కులు తీర్చుకోడానికి వచ్చేవాళ్ళందరికీ తెలిసిన ఊరే. మీకు తెలియకపోవచ్చు, మీ కాపురం డబ్బాల మీద కదా. రిమోట్‌తో రాళ్ళెక్కే బొమ్మ జీపులు, అవే రాక్ క్రాలర్లు, వాటి డబ్బాల మీద ఓ మూల వన్ బై ట్వంటీఫోర్ అనో వన్ బై టెన్ అనో కూర్చుని ఉంటారు. పైన ఒకటి ఎప్పుడూ కదలదు, అరుగు మీద పెద్దమనిషి లాగ. కింద అంకే మారుతుంటుంది, దాన్నిబట్టి మా జేబులు ఖాళీ అవుతుంటాయి.

మీరు నాకు కొత్తేమీ కాదు. కాలేజీ రోజుల్లో స్టేషన్ దగ్గర టీ కొట్లో మిమ్మల్ని రోజూ పిలిచేవాళ్ళం. వన్ బై టూ అంటే చెరో సగం. వన్ బై త్రీ అంటే కొట్టు ఆయన మా వైపు చూసే చూపుకే టీ చల్లారిపోయేది. అక్కడ మీతో ఏ పేచీ లేదు. కింద అంకె పెరిగితే నా గ్లాసులో టీ తగ్గుతుంది, చిన్నపిల్లాడికైనా తెలిసిపోతుంది. అదే మీరు జీపు డబ్బా ఎక్కేసరికి నా బుర్ర ఏ గడ్డి మేసిందో.

ఏమైందంటే, రాత్రి పన్నెండింటికి ఫోన్లో చూస్తున్నాను. రెండు జీపులు పక్కపక్కన, తెర మీద రెండూ ఒకే సైజులో. ఒకదాని కింద పది, ఒకదాని కింద ఇరవైనాలుగు. ఇరవైనాలుగుది పదిదాని ధరలో మూడో వంతు కూడా లేదు. పెద్దది ఇంత చౌకగా వస్తోందేమిటి, ఎవడో పొరపాటున ధర తప్పు వేసినట్టున్నాడు, తెల్లారితే సరిచేసేస్తాడేమో అని కంగారుగా ఆర్డర్ పెట్టేశాను. వారం తర్వాత వచ్చిన డబ్బా చెప్పుల పెట్టె కన్నా చిన్నది. లోపల జీపు, జానెడు. ముందు నేను అనుకున్నది ఏంటో తెలుసా, ఇది నమూనా అయ్యుంటుంది, అసలుది వెనకాల వస్తోంది అని.

మా ఆవిడ ఇంట్లో ఏడో తరగతి పిల్లలకి లెక్కల ట్యూషన్ చెప్తుంది, నా ఖర్మ. ఆ రోజు పాఠం కూడా భిన్నాలే. "ఏవండీ, ఒక్కసారి ఇలా వచ్చి పిల్లలకి ఇరవైనాలుగులో ఒక వంతు పెద్దదో పదిలో ఒక వంతు పెద్దదో చెప్తారా" అంది. తెలుగింటి పిల్లలు, ఒడియా ఇంటి పిల్లలు, అందరూ ఒకే భాషలో నవ్వారు.

సరే, వచ్చిందేదో వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ జానెడు జీపుతో నెల రోజులు ఇంట్లో రాజ్యమేలాను. బియ్యం బస్తా ఒక కొండ. దిండ్లు పేరిస్తే దేవమాలి. (ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం, 1,672 మీటర్లు, పక్కనే కోరాపుట్‌లో. మా ఇంట్లో దానికి నాలుగు దిండ్లు సరిపోయాయి.) మంచం మీంచి పడినా ఏమీ కాదు, దులుపుకుని లేస్తుంది. ఇందులో ఓ కిటుకుంది, అది మీదే కాబట్టి ఒప్పుకోవాలి. బొమ్మ పొడవు ఎన్నో వంతైతే, బరువు ఆ అంకెని మూడుసార్లు వేసి గుణించినన్నో వంతుకి దిగుతుంది. అసలు బండి పొడవులో ఇరవైనాలుగో వంతంటే లెక్కప్రకారం దాని బరువులో 13,824లో ఒక వంతు. అందుకే చీమ చెట్టు మీంచి పడినా నడిచి వెళ్ళిపోతుంది, ఏనుగు గట్టు మీంచి జారితే ఊరంతా పోగవుతుంది.

కానీ ఆ తేలికే దాని జబ్బు కూడా. ఏటవాలు ఎక్కేటప్పుడు రెప్పపాటులో వెల్లకిలా పడుతుంది. పెద్ద బండి పడేముందు కాసేపు ఆలోచించుకుంటుంది, ఆ కాసేపట్లో మనం రిమోట్ వదిలేసి కాపాడుకోవచ్చు. చిన్నదానికి ఆలోచన లేదు, పడటమే. దీనికి అందరూ చెప్పే మందు ఇత్తడి. చక్రాల్లో ఇత్తడి, యాక్సిల్ మీద ఇత్తడి, బరువంతా కిందకి దిగాలట. అంటే తేలికగా ఉందని చిన్నది కొని, తేలికగా ఉందని దానికి బరువు కొనాలన్నమాట. గంజాం వైపు బెల్లగుంఠలో ఇత్తడితో చేపలు చేస్తారు, ముట్టుకుంటే వంకర్లు తిరుగుతాయి, ఇంట్లో షోకేసులో పెట్టుకుంటే పదిమంది మెచ్చుకుంటారు. నేను కొన్న ఇత్తడి నాలుగు చక్రాల్లో దూరింది, దాన్ని చూసేది బల్లులు మాత్రమే. ఆ ఇత్తడి ఖర్చు కలుపుకుంటే ఇంకో చిన్న జీపు వచ్చేది. మా ఆవిడకి ఆ బిల్లు ఇంకా చూపించలేదు, మీరూ చెప్పకండి.

ఇక అసలు గొడవ మొదలైంది హాతీపథర్‌లో. ఊరికి దగ్గరే, నాగావళి రాళ్ళ మధ్య నుంచి గెంతుకుంటూ పోయే చోటు, ఏనుగుల్లా కనిపించే బండరాళ్ళు ఉంటాయి కాబట్టి ఆ పేరు. సంక్రాంతికి జనం స్నానాలకి వస్తారు. నేను జీపుని తీసుకుని వెళ్ళాను, షర్టు జేబులో. జేబులో! ఆ గర్వం ఐదు నిమిషాలే. దాని టైరు ఎత్తు రెండంగుళాలకి కాస్త ఎక్కువ. మనం కాలితో తన్నేసే గులకరాయి దానికి ప్రహరీ గోడ. ఏనుగు రాయి సంగతి తర్వాత, ఏనుగు కాలి దగ్గర ఇసుకే దాటలేదు. ముందుకు పోదు, చక్రాలు తిరుగుతూ తన గొయ్యి తనే తవ్వుకుంటోంది. ఓ పది మంది పిల్లలు చుట్టూ చేరారు. "కెతె టంకా?" అని ఒకడు. ఎన్ని రూపాయలో చెప్పాను. వాడు జీపుని చూశాడు, నన్ను చూశాడు, ఇంకేం అడగలేదు.

అప్పుడు తట్టింది నాకు, మీ మోసం ఎక్కడుందో. జీపుకి మీరున్నారు. రాయికి మీరు లేరు. నాగావళి ఏ రాయి మీదా వన్ బై అని రాసుకోదు. మీరు బండిని ఇరవైనాలుగో వంతు చేసేసి, ఏటిని మాత్రం మొత్తంగా వదిలేశారు. ఈ లెక్కన ఏ బండి కొనాలో చెప్పాల్సింది డబ్బా కాదు, మనం తిప్పే చోట ఉన్న రాయి. ఇంట్లో తిప్పుకునేవాడికి ఇరవైనాలుగు చాలు. పెరట్లో ఇటుకలూ వేర్లూ ఉన్నవాడికి పద్దెనిమిది బాగుంటుంది. ఏటి రాళ్ళంటే పది, అంతకన్నా చిన్న బండైతే అవమానం. ఇంత చిన్న సంగతి మీరు డబ్బా మీద ఒక్క లైను రాస్తే మీ సొమ్మేం పోయింది?

సరే, వన్ బై టెన్ కొన్నాను. చెప్పకుండా ఎందుకు, చిన్నదానికి మూడు నాలుగు రెట్లు ధర. ఇంట్లో ఎలా ఒప్పించానంటే మీ లెక్కతోనే. పొడవు 2.4 రెట్లు, అంటే ఘనం 13.8 రెట్లు. పద్నాలుగు రెట్ల సామాను నాలుగు రెట్ల ధరకి వస్తోంది, కిలో లెక్కన చూస్తే ఇదే చౌక అన్నాను. "వంకాయలు కూడా మీరు ఇలాగే కొంటారు" అంది. కొన్నాను.

కొన్నాక కూర్చుని కొలిచాను, భిన్నాలు రావన్న మచ్చ పోగొట్టుకోవాలి కదా. ఇక్కడ మీరు అడ్డంగా దొరికిపోయారు. అసలు ల్యాండ్ రోవర్ డిఫెండర్ 110 ఉంది చూశారూ, పాత మోడల్, దాని ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 110 అంగుళాలు, అంటే 2,794 మిల్లీమీటర్లు. పేరులోనే ఉంది. దాని బొమ్మ, ట్రాక్సాస్ కంపెనీ టీఆర్‌ఎక్స్-4ఎం మీద మీరు వన్ బై ఎయిటీన్ అని రాశారు, దాని దూరం 155 మిల్లీమీటర్లు. పద్దెనిమిదితో గుణిస్తే 2,790. శభాష్. అదే డిఫెండర్ పెద్ద బొమ్మ టీఆర్‌ఎక్స్-4 మీద వన్ బై టెన్ అని ఉంటుంది, దాని దూరం 324. పదో వంతు అయితే 279 దగ్గర ఉండాలి. భాగించి చూడండి, ఎనిమిదిన్నర కన్నా కాస్త ఎక్కువ వస్తుంది. అంటే మీ పది పది కాదు! బండి బాగా ఎక్కాలంటే కాస్త పొడుగుండాలి, ఆ తరగతి బండ్లన్నిటినీ వాడుకలో పది అనేస్తారు, అదంతా నాకు తెలుసు. కానీ మీరు అంకె అండీ. మనుషులు పెళ్ళిచూపుల్లో వయసు తగ్గించి చెప్పారంటే అర్థముంది, అంకెలే అలా చేస్తే ఎలా?

పది వచ్చింది, కష్టాలూ పదింతలు వచ్చాయి. చిన్నదాని బ్యాటరీ దీనికి పనికిరాదు. దానిది 350 ఎంఏహెచ్, అగ్గిపెట్టెంత. దీనికి 5,000ది పెట్టాను, సబ్బు బిళ్ళ కన్నా పెద్దది. దాని స్క్రూలు వేరు, దీని స్క్రూలు వేరు, టైర్లు వేరు, చార్జర్ దగ్గర పిన్ను వేరు. ఒకే ఇంటిపేరు పెట్టుకుని ఒకరింట్లో ఒకరు మంచినీళ్ళు తాగని పాలివాళ్ళలా ఉన్నారు మీరంతా. పైగా ఈ లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని నిండా చార్జ్ చేసి నెలల తరబడి వదిలేయకూడదట, సెల్ ఒక్కింటికి 3.8 వోల్టుల దగ్గర ఆపి దాచాలట. నేను వర్షాకాలమంతా నిండుగా ఉంచి బీరువాలో దాచాను. దసరాకి తీస్తే పూరీలా ఉబ్బి ఉంది. మా అమ్మ చూసి "అది పొట్ట కాదు కదా నాయనా, దూరంగా పెట్టు" అంది. ఇన్ని అంకెల మధ్య పనికొచ్చే మాట అన్నది ఆవిడొక్కతే.

మా బావ సంగతి వేరు. పాతపట్నంలో ఉంటాడు, ఫోన్ చేస్తే ముందు మాట "బావా, ఇంకా పదిలోనే ఉన్నావా?" ఆయనకి వన్ బై సిక్స్ కావాలి. యాక్సియల్ వాళ్ళ ఎస్‌సీఎక్స్6 వీడియోలు చూసి చూసి కళ్ళు ఎర్రబడ్డాయి. దాదాపు రెండు మూరల పొడుగు. పదిదానికి ఘనంలో నాలుగున్నర రెట్ల పైనే. దాన్ని ఏటికి ఎలా తీసుకెళ్తావయ్యా అంటే స్కూటీ మీద ముందు నించోబెడతానంటాడు. అక్కడ మా మేనల్లుడు నించుంటాడు రోజూ. వాణ్ణెక్కడ పెడతావ్ అంటే జవాబు లేదు, ఫోన్ కట్ అయింది. సిగ్నల్ అంటాడు.

పర్లాకిమిడిలో మా పెదనాన్న ఉన్నారు, ఈ గొడవ అంతా విని ఆయన చెప్పింది మీకు చెప్పాలి. రాజావారు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేయించారు, రెండున్నర అడుగుల పట్టా, 762 మిల్లీమీటర్లు. 1931కి అది గుణుపురం దాకా వెళ్ళింది. పెద్ద పట్టా 1,676. అంటే మీ భాషలో ఆ రైలు వన్ బై టూ పాయింట్ టూ. చిన్న పట్టా అయితే ఖర్చు తక్కువ, కొండవారల మలుపులు సులువు. 2004లో ఆపి తర్వాత పెద్ద పట్టాలు వేశారు. "పట్టా చిన్నదని ఊళ్ళు దగ్గరకి జరగలేదురా, గుణుపురం గుణుపురంలోనే ఉంది" అన్నారు. ఇంకా ఏదో చెప్పబోతుంటే మా పెద్దమ్మ "ఆయన చిన్న రైలు మొదలెడితే పెద్ద రైలు దాటిపోతుంది, నువ్వు భోంచెయ్" అని పిలిచేసింది.

పోయిన ఆదివారం రెండింటినీ హాతీపథర్ తీసుకెళ్ళాను. పదో వంతుది బండరాయి ఎక్కింది, ఎక్కుతుంటే చూడాలి, ఒక చక్రం గాల్లో వేలాడుతూ మిగతా మూడూ రాయిని గోళ్ళతో పట్టుకున్నట్టు పాకుతూ, మనిషి నడక కన్నా మెల్లగా. అటుగా పోతున్న ఒకాయన "ఇంత ఖరీదు పెట్టి ఇదేనా స్పీడు" అన్నాడు. ఎందుకు చెప్పడం. ఈలోగా ఇరవైనాలుగుది రెండు రాళ్ళ సందులో పడిపోయింది, నా చెయ్యి పట్టని సందు. పదికి తాడు కట్టి లాగిద్దామనుకున్నాను, తాడు దాని యాక్సిల్‌కే చుట్టుకుంది. చివరికి ఆ "కెతె టంకా" కుర్రాడే వచ్చి సన్నటి చెయ్యి దూర్చి తీసిచ్చాడు. మీ అంకెల్లో ఏ అంకె వాడిదో నాకు తెలీదు.

ఇంటికొచ్చేసరికి ట్యూషన్ బోర్డు మీద కొత్త లెక్క ఉంది. ఒకాయన దగ్గర ఒకటి బై ఇరవైనాలుగు జీపు ఉంది, ఒకటి బై పది కొన్నాడు, ఇప్పుడు ఒకటి బై పద్దెనిమిది చూస్తున్నాడు, ఆయన జేబులో ఎంత మిగిలి ఉంటుంది? అందరూ సున్నా అని రాశారు. వెనక వరసలో కూర్చునేవాడొకడు మాత్రం మైనస్ పెట్టాడు. ఆ ఇరవైనాలుగు జీపు ఏటి దగ్గర కుర్రాడికి ఇచ్చేయాలా, ఈ మైనస్ పిల్లాడికా అని ఆలోచిస్తున్నాను. ఎవరికిచ్చినా బీరువా పైన పద్దెనిమిదికి చోటు వస్తుంది.

ఇట్లు,
మీ వల్ల ఏడో తరగతి మళ్ళీ చదువుతున్న ఒక రాయగడ వాసి