మనిషి పరీక్ష యంత్రానికి సరిపోతుందా?
మనుషులకు పెట్టే పరీక్షలన్నీ యంత్రం పాసైతే దానికి సాధారణ మేధ (ఏ పనికైనా పనికొచ్చే తెలివి) వచ్చినట్టే అని వాదించే వ్యాసం ఒకటి చదివాను. ఆ మాట దగ్గరే అది తడబడింది. 1904లో బ్రిటిష్ మనస్తత్వవేత్త స్పియర్‌మన్ గమనించింది ఇదీ: ఒక సబ్జెక్టులో బాగా చేసే పిల్లలు మిగతావాటిలోనూ ఓ మోస్తరుగా బాగానే చేస్తారు. ఆ పొంతన నుంచి లెక్కగట్టిందే 'జి', అంటే సాధారణ మేధ. అది మనుషుల మధ్య తేడాకు కొలత, బుర్రలో దాచిన సరుకు కాదు. మనిషికైతే లెక్కల పేపరు మిగతా పనులకు కొంత హామీ. యంత్రానికి ఆ హామీ లేదు, ఒలింపియాడ్ లెక్క చేసిన ఏఐ మోడలే ముళ్ల గడియారం చూసి టైము తప్పు చెప్పగలదు. ప్రశ్నపత్రం శిక్షణ డేటాలో ముందే ఉంటే అది ఉత్త బట్టీ. ఆ లెక్కన 2019లో ఏఐ పరిశోధకుడు ఫ్రాన్స్వా షోలే పెట్టిన ఆర్క్ అనే రంగు గళ్ల పజిళ్ల పరీక్షే నయం: 30×30 గళ్లు మించవు, 10 రంగులు, రెండు మూడు ఉదాహరణలు చూసి సూత్రం పట్టాలి. దాన్నీ 2024 డిసెంబరులో ఓపెన్‌ఏఐ మోడల్ ఓ3 75.7 శాతం చేసింది. ఇంకా చాలా రెట్లు కంప్యూటర్ శక్తి పోస్తే 87.5కి వెళ్లింది (ఈ ఖర్చు సంగతి హెడ్‌లైన్లలో రాదు!). 2025లో ఆర్క్ రెండో విడత రాగానే అప్పటి మోడళ్లన్నీ ఒక్క అంకె శాతానికి పడిపోయాయి. ఆ ప్రశ్నలు మామూలు మనుషులు పరిష్కరించినవే.