ఆ ఆరుగురి పేర్లు ఎందుకు కొట్టేశారు?

జపాన్ గురించి మనకు వచ్చే వార్తలు మూడే మూడు. ప్రధాని మారాడు, యెన్ పడిపోయింది, పిల్లలు పుట్టడం లేదు. 2020 అక్టోబర్‌లో టోక్యోలో జరిగిన ఒక విషయం మాత్రం తెలుగు పాఠకుల దాకా దాదాపు రానేలేదు. ఇవాళ్టి జపాన్ అర్థం కావాలంటే అక్కడి నుంచే మొదలుపెట్టాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆ దేశంలో 1949 నుంచి సైన్స్ కౌన్సిల్ అనే సంస్థ ఉంది. అన్ని రంగాల పండితులూ ఉండి ప్రభుత్వానికి సలహాలిచ్చే సంస్థ అది. 210 మంది సభ్యులు, మూడేళ్లకోసారి సగం మంది మారతారు. కౌన్సిల్ పేర్లు పంపుతుంది, ప్రధాని నియమిస్తారు. ఆ నియామకం లాంఛనమేనని 1983లో ప్రధాని నకసోనే పార్లమెంటులోనే చెప్పారు. 2020లో అప్పుడే పదవిలోకి వచ్చిన సుగా యోషిహిదే 105 పేర్లలో ఆరింటిని పక్కన పెట్టేశారు. సమగ్రంగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం అన్నారే తప్ప, ఎవరిని ఎందుకు వద్దన్నారో చెప్పలేదు.

ఆ ఆరుగురిలో భౌతిక శాస్త్రవేత్త లేరు, వైద్యుడు లేరు. జపాన్ యుద్ధంలోకి ఎలా దిగిందో తవ్వి తీసిన చరిత్రకారిణి కతో యోకో ఉన్నారు. ప్రజాస్వామ్యం మీద పనిచేసే ఉనో షిగెకి ఉన్నారు. మరో ముగ్గురు న్యాయశాస్త్ర ప్రొఫెసర్లు, ఒకరు మత చింతనను అధ్యయనం చేసేవారు. సైన్యం దేశం బయట కూడా పోరాడే వీలు కల్పించిన 2015 నాటి భద్రతా చట్టాలనో, సుగాకు ముందు ప్రధానిగా ఉన్న అబే హయాంలోని ఇతర బిల్లులనో బాహాటంగా తప్పుపట్టినవాళ్లు వీళ్లు. కారణం ఎవరూ చెప్పకపోయినా పాఠకులకు అర్థమవుతూనే ఉంటుంది.

ఇది ఒక్క సుగా కోపం కాదు. 2015 జూన్‌లో విద్యాశాఖ జాతీయ విశ్వవిద్యాలయాలన్నిటికీ ఒక నోటీసు పంపింది. మానవీయ, సామాజిక శాస్త్రాల విభాగాలను ఎత్తేయండి, లేదా సమాజానికి ఎక్కువ పనికొచ్చే రంగాల వైపు మార్చండి అని దాని సారాంశం. చివరికి పెద్ద కంపెనీల సంఘం కెయిదాన్‌రెన్ కూడా, మేం అడిగింది ఇది కాదని ప్రకటన ఇచ్చుకోవాల్సి వచ్చింది.

పనికొచ్చేది ఏది? జననాల సంగతే చూడండి. 2024లో జపాన్‌లో పుట్టిన పిల్లలు 6.86 లక్షలు, సంతానోత్పత్తి రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లలు, 1.15. పెళ్లయిన జంటలకు ఇప్పటికీ సగటున ఇద్దరికి కొంచెం తక్కువగా పిల్లలు ఉన్నారనీ, అసలు చిక్కు పెళ్లిళ్లే జరగకపోవడంలో ఉందనీ, పర్మినెంట్ ఉద్యోగం లేని మగవాళ్లకు పెళ్లి దూరమైపోతోందనీ అక్కడి జనాభా నిపుణులు, సామాజిక శాస్త్రవేత్తలు ఎన్నో ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు. ప్రభుత్వం మాత్రం చాలాకాలం శిశు సంరక్షణ కేంద్రాల దగ్గరే ఆగిపోయింది. చెప్పినవాళ్లు ఉన్నారు, విన్నవాళ్లే లేరు.

ఇంకా బలమైన ఉదాహరణ కోబే గకుయిన్ విశ్వవిద్యాలయంలో రాజ్యాంగం బోధించే కామివాకి హిరోషి. ఈయన చేసిన పని వింటే మామూలుగా ఉంటుంది. పార్టీలు, నాయకులు ఏటా దాఖలు చేసే రాజకీయ నిధుల నివేదికలు చదవడం, అంతే. పాలక లిబరల్ డెమొక్రటిక్ పార్టీ (ఎల్‌డీపీ)లోని వర్గాలు విందు సభలు పెట్టి టికెట్లు అమ్మేవి. ఒక సభకు 2 లక్షల యెన్‌లు మించి కొన్నవాళ్ల పేర్లు నివేదికలో రాయాలన్నది అప్పటి నిబంధన. టికెట్లు కొన్న రాజకీయ సంఘాలు తమ ఖర్చుల్లో చూపించిన మొత్తాలు, అమ్మిన వర్గాల ఆదాయంలో కనిపించలేదు. 2022 నవంబర్‌లో కమ్యూనిస్టు పార్టీ పత్రిక అకహతా దీన్ని బయటపెట్టింది. కామివాకి తనూ ఆ కాగితాలన్నీ పక్కపక్కన పెట్టి, వరుసగా సరిపోల్చి, టోక్యో ప్రాసిక్యూటర్లకు ఫిర్యాదు మీద ఫిర్యాదు చేశారు.

దాదాపు ఏడాది పాటు పెద్దగా చలనం లేదు. తర్వాత ఒక్కసారిగా తీగ లాగితే డొంకంతా కదిలింది. తమకిచ్చిన కోటా మించి టికెట్లు అమ్మిన ఎంపీలకు వర్గాలు ఆ అదనపు డబ్బు వెనక్కి ఇచ్చి, లెక్కల్లో రాయలేదని తేలింది. అబే వర్గం ఒక్కటే ఐదేళ్లలో దాచిన మొత్తం 67 కోట్ల యెన్‌లకు పైనే. 2023 డిసెంబర్‌లో నలుగురు మంత్రులు దిగిపోయారు. నెల తిరిగేసరికి అబే వర్గంతో సహా పెద్ద వర్గాలు రద్దు ప్రకటించుకున్నాయి. 2024 అక్టోబర్ ఎన్నికల్లో పాలక కూటమి దిగువ సభలో మెజారిటీ పోగొట్టుకుంది. ధరల మీద కోపం కూడా కలిసిందనుకోండి. కానీ ఆ వర్గాల కోటకు మొదట బీట పడింది ఓ ప్రొఫెసర్ తిరగేసిన కాగితాల దగ్గరే.

ఎదుటివాళ్ల వాదన కూడా ఉంది. కౌన్సిల్ నడిచేది ప్రజల సొమ్ముతో, కాబట్టి ఎన్నికైన ప్రభుత్వానికి మాట చెప్పే హక్కు ఉంటుంది, ఆ ఆరుగురి ఉద్యోగాలు ఎవరూ తీయలేదు కదా అంటారు. హక్కు ఉంటే కారణం చెప్పే బాధ్యత కూడా ఉండాలి. కారణం చెప్పకుండా కొట్టేస్తే దెబ్బ తగిలేది ఆ ఆరుగురికి కాదు, రేపు ఏ అంశం మీద పీహెచ్‌డీ చేయాలా అని ఆలోచించే కుర్రవాళ్లకు. పైగా 2025 జూన్‌లో తెచ్చిన చట్టంతో కౌన్సిల్ రూపమే మారిపోతోంది. 2026 అక్టోబర్ నుంచి అది వేరే సంస్థ. దాని మీద ప్రధాని నియమించే ఆడిటర్లు ఉంటారు.

ఇంత దూరం ఎందుకు వెళ్లానంటే, మన దగ్గరా ఇదే కథ ఉంది కాబట్టి. ఎన్నికలప్పుడు మన ఎమ్మెల్యే అభ్యర్థి ఆస్తులెన్ని, కేసులెన్ని అని ఫోన్‌లో చూసుకుంటున్నామంటే, 1999లో అహ్మదాబాద్ ఐఐఎం ప్రొఫెసర్లు కొందరు కోర్టుకెక్కడం వల్ల. ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమొక్రటిక్ రిఫార్మ్స్) సంస్థ అలా పుట్టింది. 2002లో సుప్రీంకోర్టు అఫిడవిట్ తప్పనిసరి అంది. 2024 ఫిబ్రవరిలో ఎన్నికల బాండ్లను కొట్టేసిన కేసులోనూ ఏడీఆర్ ఒక పిటిషనర్. బోధన, పరిశోధన చేసుకునేవాళ్లు పౌరులుగా మనకిచ్చిన హక్కు అది.

మనకు జపాన్ అంటే సుజుకీ కార్లు, ఐఐటీ హైదరాబాద్ భవనాలకు జపాన్ ప్రభుత్వ సహాయ సంస్థ జైకా ఇచ్చిన రుణం. ఇంట్లో పిల్లాడు పొలిటికల్ సైన్స్ చదువుతానంటే మాత్రం 'దానికి ఉద్యోగాలెక్కడున్నాయి' అని టెన్షన్ పడతాం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21 నాటికే ఆంధ్రప్రదేశ్ సంతానోత్పత్తి రేటు 1.7, తెలంగాణది 1.8. ఎక్కువమంది పిల్లల్ని కనండని నాయకులు పిలుపునిస్తున్నారు గానీ, మన యువత పెళ్లి ఎందుకు వాయిదా వేస్తోందో తెలుసుకురమ్మని ఏ విశ్వవిద్యాలయానికి చెప్పారు? ఉస్మానియా, ఆంధ్రా, శ్రీ వెంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఆ పని చేయగల విభాగాలు ఉన్నాయి. ముందు వాటిలో ఖాళీలు నింపండి. పార్టీల ఆదాయ, వ్యయ నివేదికలను ఎంఏ రాజనీతి శాస్త్రం సిలబస్‌లో పెట్టండి. ఆ పరిశోధన ఎవరికి నచ్చకపోయినా అచ్చు వేయండి.